చాయ్‌లో కలిపిన మందు

హలో, వినపడుతుందా? అందరూ బాగున్నారా? అన్నలకు, అక్కలకు, ఇంట్లో పెద్దలకు నమస్కారం. చేతిలో చాయ్ ఉంటే తాగుతూనే వినండి, తప్పేం లేదు. కాకపోతే ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు మాత్రం ఫోన్ చెవికి కాస్త దగ్గరగా పెట్టుకోండి. ఇది చిక్కడపల్లి కిషన్ రావు కథ.

చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర గల్లీలో కిషన్ రావుకు చాయ్ పత్తా దుకాణం ఉంది. కాచిన చాయ్ కాదు, ఉత్త పత్తా, అంటే తేయాకు. పెద్ద పెద్ద రేకు డబ్బాలు, ఒక త్రాసు, వచ్చినవాళ్లకు ఒక స్టూలు. అంతే దుకాణం. తండ్రి చేతి నుంచి వచ్చింది. ముప్పై నాలుగేళ్లుగా ఆయనే నడుపుతున్నాడు. కౌంటర్ వెనక చిన్న స్టవ్వు ఉంటుంది. కొత్త బస్తా విప్పిన ప్రతిసారీ చిటికెడు పత్తా మరిగించి, గాజు గ్లాసులో పోసి, వెలుగుకు ఎత్తి పట్టి చూస్తాడు. నాలుక మీద వేసుకోవడం తర్వాత సంగతి. రంగు చూసే కడక్ ఎంతో, అంటే ఎంత ఘాటుగా దిగుతుందో చెప్పేస్తాడు. "నాలుక అబద్ధం చెప్తది గని రంగు చెప్పదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఏ పత్తాలో ఏది ఎంత కలపాలో ఆయన కళ్లకు తెలుసు. ఆ కళ్ల మీదే బతికాడు, ఇల్లు కట్టాడు.

ఆ దుకాణానికి రెండేళ్ల కిందట ఒక అమ్మాయి వచ్చింది. పేరు సిడాం యమునాబాయి. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగం పరీక్షలకు చదువుతోంది. పొద్దంతా లైబ్రరీలో కూర్చుంటుంది. వంద గ్రాములు పత్తా అడిగింది.

"కాకా, పాలు లేకున్నా మంచిగ కడక్ ఉండేది ఇయ్యి."

"పాలెందుకు లేవు బిడ్డా?"

"హాస్టల్ల లేవు. మా ఊర్ల గూడ లేవు. మేం నల్లచాయే తాగుతం."

వాళ్లది ఉట్నూరు దాటి, తారు రోడ్డు అయిపోయాక ఇంకో ఏడు కిలోమీటర్లు, మధ్యలో ఒక వాగు. ఇరవై రెండు ఇళ్ల కోలాం గిరిజనుల గూడెం. అక్కడ పొద్దున లేస్తే ముసలివాళ్ల నుంచి నడక నేర్చిన పిల్లల దాకా అందరూ నల్లచాయే తాగుతారని చెప్పింది.

"అది తాగితే ఆకలి కాదు కాకా" అంది నవ్వుతూ.

కిషన్ రావుకు ఆ మాట పొగడ్తలా వినపడింది. చాయ్ వ్యాపారికి అంతకంటే ఏం కావాలి. ఆ నెల నుంచే అయిదు కిలోల పత్తా మూటకట్టి, యమున ఊరికి పోయేటప్పుడు ఆమె చేతికిచ్చి, లేకపోతే బస్సు పార్సిల్‌లో ఉట్నూరుకు పంపడం మొదలుపెట్టాడు. గూడెంవాళ్లు ఆయన్ను చాయ్ కాక అని పిలవడం మొదలుపెట్టారు. వాళ్ల భాషలో చిన్నాయన కాక, చిన్నమ్మ కాకి అట. ఆ సంగతి తెలిసి ఆయన భార్య మనోరమ, "మీకైతే చాయ్ కాక అని పేరు పెట్టిన్రు. నన్ను కాకి అంటే మాత్రం నేనూకోను" అంది. యమున ఆమెను అమ్మ అనే పిలిచేది.

గూడెంవాళ్లు మూట చుట్టూ నిలబడి దిగిన ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి దుకాణంలో గోడకు పెట్టాడు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించేవాడు.

ఈ వానాకాలంలో యమున దిగులుగా వచ్చింది. గూడెంలో పిల్లలందరికీ వేలు గుచ్చి రక్తం చూశారట. చాలామందికి తక్కువ ఉంది. వాళ్ల అక్క సోంబాయి కూతురు మాన్కుబాయికి, మూడున్నరేళ్ల పిల్లకు, హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నరే ఉంది. ఆ వయసుకు పదకొండు ఉండాలి. దమయంతి అనే నర్సు పదిహేను రోజులకోసారి గూడెం పోయి ఇనుము ఉన్న సిరప్ సీసాలు ఇస్తోంది. దాన్ని వాళ్లు రక్తం మందు అంటారు. పిల్లలేమో నాలుక మీద పడగానే ఉమ్మేస్తున్నారు.

"తుప్పు నాకినట్టు ఉంటదంట కాకా. సీసాలన్నీ ఇంటి చూరులనే ఉంటున్నయి."

కిషన్ రావు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఏ పని ఎట్లా జరగాలో చెప్పడం ఆయనకు అలవాటు. పైగా తనకు తెలిసిన వస్తువే చేతిలో ఉంది.

"గింత దానికి పరేషానా? చాయ్ తాగుతరు కద పోరలు. బెల్లమేసి చాయ్ కాచి, అండ్ల కలిపియ్యమను. తుప్పు లేదు గిప్పు లేదు, గటగట తాగుతరు. ఫోన్ ఇటియ్యి, నేనే చెప్తా."

యమున ఫోన్‌లో మాట రికార్డు చేశాడు. గొంతు సవరించుకొని మరీ.

"గూడెం అక్కలకు, అన్నలకు నమస్కారం. హైదరాబాద్ నుంచి చాయ్ కాకను మాట్లాడుతున్న. పిల్లలు రక్తం మందు ఉమ్మేస్తున్నరంట. రంది పడకుండ్రి. పొద్దున చాయ్‌ల ఇంత బెల్లం ఎక్కువేసి, అండ్లనే మందు పోసి తాగిపియ్యిండ్రి. కాక చెప్పిండని చెప్పుండ్రి."

ఆ మాట వెనకాలే యమున వాళ్ల భాషలో మళ్లీ చెప్పింది. గూడెం పక్కన బండ గుట్ట ఎక్కితేనే ఫోన్‌కు సిగ్నల్ దొరుకుతుంది. యమున వదిన గుట్టెక్కి మెసేజ్ దించుకొని, ఇంటింటికీ వినిపించింది. వారం తిరిగేసరికి సీసాలు ఖాళీ అవ్వడం మొదలైంది. దమయంతి సిస్టర్ వచ్చి మందు తాగుతున్నారా అని అడిగితే తాగుతున్నారన్నారు. సీసా చూస్తే నిజంగానే అయిపోయింది. ఆమె రాసుకొని పోయింది. ఎట్లా తాగిస్తున్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

మూడు నెలలు అందరూ సంతోషంగా ఉన్నారు.

చలి మొదలయ్యే రోజుల్లో సోంబాయి బిడ్డను చంకనేసుకొని హైదరాబాద్ బస్సెక్కింది. రెండోసారి రక్తం చూస్తే మాన్కుబాయికి ఏడు కూడా లేదు. పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. చెల్లెలు ఉంది కదా అని ఇటే వచ్చింది. యమున వాళ్లను నేరుగా దుకాణానికి తీసుకొచ్చింది. పట్నంలో వాళ్లకు తెలిసిన మనిషి ఆయనొక్కడే మరి.

కిషన్ రావు హడావుడి పడ్డాడు. స్టూలు తుడిచి వేశాడు. పక్క హోటల్ నుంచి పాలచాయ్, బిస్కట్లు తెప్పించాడు. అప్పటికే అశోక్‌నగర్ జగన్నాథరావు గారు అక్కడున్నారు. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు, రోజూ పేపర్ చంకలో పెట్టుకొని ఈ దుకాణంలోనే కాలక్షేపం చేస్తాడు.

మాన్కుబాయి ఎవరితోనూ మాట్లాడలేదు, ఏడవలేదు. ఆ వయసు పిల్ల దుకాణం చూస్తే డబ్బాలు తడుముతుంది, త్రాసు లాగుతుంది. ఈ పిల్ల గోడ దగ్గరికి పోయి, పెచ్చులూడిన సున్నం గోటితో గీకి నోట్లో పెట్టుకుంది.

"ఏంటమ్మా, మా కిషన్ రావు గారి గోడ తినేస్తున్నావు? ఆయన దుకాణం కూలిపోతే పత్తా ఎక్కడ కొనుక్కోవాలి మేము" అన్నాడు జగన్నాథరావు. ఆయనొక్కడే నవ్వి, ఆయనే ఆపేశాడు.

సోంబాయి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. సంచిలోంచి సిరప్ సీసా తీసింది. కొత్త సీసా, బయల్దేరే ముందు ఇచ్చింది. మూతతో కొలిచి చాయ్‌లో పోసింది. వేలితో కలిపింది. కలుపుతూ తలెత్తి కిషన్ రావు వైపు చూసింది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్నాను కదా అన్నట్టు ఉంది ఆ చూపు. ఆయన తల ఊపాడు.

ఊపుతుండగానే ఆయన కంటికి ఒకటి తగిలింది. చాయ్ రంగు మారింది. పాలు విరిగితే వచ్చే రంగు కాదు, నీళ్లు ఎక్కువైతే వచ్చేదీ కాదు. బూడిద కలిపినట్టు మురికి రంగు. ముప్పై నాలుగేళ్లలో ఏ గ్లాసులోనూ చూడని రంగు. పిల్ల రెండు చేతులతో గ్లాసు పట్టుకొని తాగేసింది. కిషన్ రావు నోరు తెరవలేదు.

నారాయణగూడలో చిన్నపిల్లల ఆసుపత్రి నడిపే డాక్టర్ సంయుక్త ఆయనకు తెలుసు. వాళ్లింటికి పత్తా పోయేది ఈయన దుకాణం నుంచే. వాళ్లను తానే ఆటోలో తీసుకుపోయాడు. "మేడం, మనోళ్లే" అని చెప్పి గదిలో ఒక పక్కన నిలబడ్డాడు.

డాక్టర్ పిల్ల కంటిరెప్ప కిందికి లాగి చూసింది. అరచేయి తన అరచేయి పక్కన పెట్టి చూసింది. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. గోడ సున్నం తింటోందని యమున చెబితే, రక్తం తక్కువైన పిల్లలు అట్లాంటివి నోట్లో పెట్టుకుంటారంది.

"మందు ఇస్తున్నరా?"

"మూడు నెలల నుంచి ఇస్తున్నం మేడం. ఒక్క రోజు గూడ తప్పలేదు" అంది యమున.

"మరి ఎట్ల తగ్గింది? ఎట్ల ఇస్తున్నరు, దేంతోటి ఇస్తున్నరు?"

యమున అక్కను అడిగింది. సోంబాయి చెప్పింది. యమున ఇటు తిరిగి, "చాయ్‌ల కలిపి" అంది.

డాక్టర్ పెన్ను ఆగింది. "చాయ్‌లనా? ఎవరు చెప్పిన్రు మీకు?"

యమున కిషన్ రావు వైపు చూసింది. కిషన్ రావు గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు. ఆ క్షణంలో సోంబాయి వాళ్ల భాషలో ఏదో గబగబా అంది. కిషన్ రావుకు ఆ భాష రాదు. కానీ మధ్యలో కాక అన్న మాట ఒక్కసారి వినపడింది.

యమున తల వంచుకుంది. "ఎవరు చెప్పలే మేడం. మా అక్కనే చేసింది."

"ఇగో, ఇదే మీతోటి పరేషాన్" అంది డాక్టర్. "ఊరి దాకా వచ్చి మందిస్తరు. నర్సు చెప్పింది వినరు, మీకు తోచింది చేస్తరు. చాయ్ ఏం చేస్తదో తెలుసా? మందుల ఉన్న ఇనుమును గట్టిగ పట్టుకుంటది. ఒంటికి పట్టనియ్యదు. మూడు నెలల మందు చాలావరకు నేల మీద పోసినట్టే. పొద్దున పాలు లేని చాయ్, మళ్ల అండ్లనే మందు. పిల్ల గుండె ఎట్ల కొట్టుకుంటుందో విను. తల్లివి గదమ్మా నువ్వు."

సోంబాయికి తెలుగు అంతంత మాత్రం. కానీ తిట్టు ఏ భాషలో ఉన్నా తిట్టేనని తెలుస్తుంది. ఆమె నేల వైపు చూస్తూ నిలబడింది. కిషన్ రావు నిలబడే ఉన్నాడు. "నేనే మేడం" అంటే సరిపోయేది. రెండే మాటలు. అవి బయటికి రాలేదు.

పిల్లను అప్పుడే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. రక్తం ఎక్కించాలన్నారు. కడుపులో పురుగులకు మందు, ఇంకేమైనా రక్తం జబ్బు ఉందేమోనని పరీక్షలు రాశారు.

మరునాడు పొద్దున దుకాణం తీసీ తీయగానే కిషన్ రావు స్టవ్వు వెలిగించాడు. డాక్టరమ్మ చదువుకున్నదే కానీ చాయ్ గురించి ఆమెకేం తెలుసులే అని ఇంకా మనసులో ఒక మూల ఉంది. ఆసుపత్రి నుంచి వస్తూ మందుల షాపులో అదే సిరప్ కొనుక్కొచ్చాడు. తన దగ్గరున్న మంచి పత్తా మరిగించి గాజు గ్లాసులో పోశాడు. ఎర్రగా, మెరుస్తూ, ఎప్పటిలా ఉంది. అందులో సిరప్ కొంచెం పోసి కదిపాడు.

కాసేపటికి గ్లాసులో ఎరుపు చచ్చిపోయింది. మెల్లగా నలుపు తిరిగింది. వెలుగుకు ఎత్తి పట్టి చూశాడు. వెలుగు అవతలి నుంచి రాలేదు.

టిఫిన్ డబ్బా పట్టుకొచ్చిన మనోరమ ఆ గ్లాసు చూసింది. "ఇదేంది, సిరా కలిపిన్రా?"

ఆయన అంతా చెప్పాడు. రికార్డు చేసిన మాట, మూడు నెలలు, డాక్టర్ గది, క్యాలెండర్.

"ఆమె అడిగినప్పుడు ఎందుకు చెప్పలే?"

"నోరు రాలేదే."

"సోంబాయికి వచ్చింది కద నోరు" అంది మనోరమ. "మీ మీద పడకుండ తన మీదేసుకుంది. బిడ్డకు బాగలేని మనిషి."

ఆమె డబ్బా పెట్టి వెళ్లిపోయింది.

అప్పుడైనా చేయవలసింది చేశాడా అంటే, సగమే చేశాడు. తప్పు ఒప్పుకోకుండా తప్పు దిద్దుకునే దారి ఏదైనా ఉంటుందేమోనని పొద్దంతా వెతికాడు. మందు నిమ్మరసంలో ఇస్తే ఒంటికి బాగా పడుతుందని ఆసుపత్రిలో డాక్టర్ యమునతో చెప్పిన మాట గుర్తొచ్చింది. సాయంత్రం యమునను పిలిచి కొత్త మెసేజ్ రికార్డు చేశాడు.

"గూడెం అక్కలకు, అన్నలకు నమస్కారం. చాయ్ కాకను. రక్తం మందుల నిమ్మకాయ పిండితే ఇంకా మంచిగ పనిచేస్తదంట. ఇగ నుంచి నిమ్మరసం గూడ వాడుండ్రి."

పాత మాట తప్పని అనలేదు. చాయ్ పేరే ఎత్తలేదు. యమున ఆయన ముఖం వైపు ఒకసారి చూసి, ఫోన్ తీసుకొని పోయింది.

మూడో రోజు యమున మళ్లీ దుకాణానికి వచ్చింది. జగన్నాథరావు పేపర్ చదువుతున్నాడు.

"కాకా, వదిన ఫోన్ చేసింది. నిమ్మకాయలు దొరికినయంట."

"మంచిదే కద."

"చాయ్‌ల పిండుతున్నరంట."

జగన్నాథరావు పేపర్ దించాడు. "లెమన్ టీ అన్నమాట. మీ గూడెం క్లబ్ అయిపోయిందమ్మా."

యమున నవ్వలేదు. "సార్, మా అక్క బిడ్డకు నిన్న రెండోసారి రక్తం ఎక్కించిన్రు." జగన్నాథరావు పేపర్ మడిచి పక్కన పెట్టేశాడు.

ఆమె కౌంటర్ మీద రెండు చేతులూ పెట్టింది. "దమయంతి సిస్టర్‌కు నేనే ఫోన్ చేసి చెప్పిన. ఆమె గూడెం పోయి చాయ్ బంద్ చేయుండ్రి అన్నదంట. మా అవ్వ ఏమన్నదో తెలుసా? సిస్టర్‌కు సూదుల సంగతి తెలుస్తది, చాయ్ సంగతి చాయ్ కాకకు తెలుస్తది అన్నది."

"నువ్వు చెప్పరాదా బిడ్డా? చదువుకున్నదానివి."

"చెప్పిన. కాక నిమ్మకాయ పిండుమన్నడు గని చాయ్ వద్దన్నడా అని నన్నే అడుగుతున్నరు." ఆమె గొంతు తగ్గించింది. "అది నీ గొంతుతోటి పోయింది కాకా. నీ గొంతుతోటే వాపస్ రావాలె. అయిదేండ్ల లోపు పిల్లలు పద్నాలుగు మంది ఉన్నరు ఆడ. ఒక పిలగాడు గుట్టెక్కితే కూలబడుతున్నడంట."

కిషన్ రావు గోడ మీది ఫోటో చూశాడు. మూట చుట్టూ నిలబడ్డ మనుషులు. ముందు వరసలో పిల్లలు. రెండేళ్లుగా రోజూ చూస్తున్న ఫోటోనే. రంగు చూసి చెప్తానని గొప్పలు పోయిన మనిషి, ఆ పిల్లల పెదాల రంగు ఒక్కనాడు కూడా చూడలేదు.

ఆ సాయంత్రం నారాయణగూడ పోయాడు. చీటీ తీసుకొని, తల్లులూ పిల్లల మధ్య తన వంతు వచ్చేదాకా కూర్చున్నాడు.

"కిషన్ రావు గారు, మీకేమైంది?" అంది డాక్టర్ సంయుక్త.

"చాయ్‌ల కలుపుమన్నది నేను మేడం. ఆ తల్లి గాదు. ఆనాడు మీ ముంగటనే ఉన్న. చెప్పలే."

ఆమె టేబుల్ మీద కాగితాలు సర్దింది, సర్దినవే మళ్లీ సర్దింది.

"నేను ఆమెను అన్ని మాటలన్న."

"అవి నాకు తగలవలసినయి."

"నాకు చెప్తే ఏం లాభం. వాళ్లకు చెప్పుండ్రి" అంది. తర్వాత, "నేను గూడ ఆమెకు ఒక మాట చెప్పుకోవాలె" అని లేచి వార్డు వైపు నడిచింది.

ఆరో రోజు మాన్కుబాయిని ఆసుపత్రి నుంచి పంపించారు. మరునాడు పొద్దున బస్సు. ఆ సాయంత్రమే అయిదింటికి గూడెంవాళ్లు గుట్ట మీదికి రావాలని యమున కబురు పెట్టింది. కిషన్ రావు దుకాణంలో కౌంటర్ మీద రెండు గాజు గ్లాసులు కడిగి పెట్టాడు. పత్తా మరిగించాడు. కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురు వస్తే, జర ఆగుండ్రి అన్నాడు. వాళ్లు చూస్తూ నిలబడ్డారు. జగన్నాథరావు ఉన్నాడు. మనోరమ వచ్చింది. సోంబాయి బిడ్డతో స్టూలు మీద కూర్చుంది. పిల్ల పల్లీపట్టి కొరుకుతోంది. ముఖంలో కొంచెం రంగు వచ్చింది, కొంచెమే.

వీడియో కలిసింది. చిన్న తెరలో చాలా తలలు. ముందు అవ్వ, కళ్లకు చేయి అడ్డం పెట్టుకొని చూస్తోంది.

"అందరికి నమస్కారం" అన్నాడు కిషన్ రావు. గొంతు సవరించుకోలేదు. "నేను రంగు చూసి బతికినోణ్ణి. మీరు గూడ చూడుండ్రి."

రెండు గ్లాసుల్లోనూ నల్లచాయ్ పోశాడు. రెండూ ఎర్రగా ఉన్నాయి. ఒకదాంట్లో సిరప్ పోసి కదిపి, రెండూ తెర ముందు పెట్టాడు. చూస్తుండగా ఒక గ్లాసు నల్లబడింది. గుట్ట మీద గుసగుసలు మొదలయ్యాయి.

"మీ పిల్లలకు నేను తాగిపియ్యమన్నది ఇది. మందును చాయ్ మింగేసింది. పిల్లలకు పట్టలేదు. తప్పు నాది. సోంబాయిది గాదు, మీది గాదు. సిస్టర్ చెప్పిందే నిజం. చిన్నపిల్లలకు చాయ్ వద్దు. మందు నిమ్మరసంల ఇయ్యిండ్రి. పెద్దోళ్లు మందు గోలీలు వేసుకుంటే రెండు గంటల దాకా చాయ్ ముట్టొద్దు."

యమున వాళ్ల భాషలో మాట మాటా చెప్పింది. స్టూలు మీద సోంబాయి తలెత్తి ఆయన్ను చూసింది.

అవ్వ ఏదో అడిగింది. యమున ఆగిపోయింది.

"ఏమన్నదో చెప్పు బిడ్డా."

"ఇన్ని దినాలు నీకు రంగు కనపడలేదా అంటుంది."

"కనపడింది అవ్వా. మీ మాన్కుబాయి ఈడనే, నా ముంగటనే తాగింది. కనపడ్డంక గూడ నోరు మూసుకున్న."

కొనడానికి వచ్చినవాళ్లలో ఒకాయన ఎటో చూశాడు. జగన్నాథరావు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. గుట్ట మీద అవ్వ ఇంకొకటి అడిగింది. ఈసారి యమున ఆగకుండా చెప్పింది.

"పొద్దున చాయ్ తాగితే పిల్లలకు ఆకలి కాదు. చాయ్ బంద్ చేస్తే లేవంగనే ఆకలి అంటరు. అప్పుడు ఏం పెట్టాలె అంటుంది."

రెండేళ్ల కిందట ఇదే కౌంటర్ ముందు కిషన్ రావు ఆ ఆకలి మాట మొదటిసారి విన్నాడు. పొగడ్త అనుకొని సంతోషపడ్డాడు. మూలన ఈ నెల పత్తా మూట కట్టి పెట్టి ఉంది, పేరు కూడా రాసి. ఆయన దాని వైపు చూస్తూ ఉండగా, తెరలో ఒక తల్లి అవ్వను దాటుకొని ముందుకొచ్చింది. ఖాళీ సీసా ఎత్తి చూపించి ఏదో అంది.

"ఒడిసిందంట కాకా. మళ్ల ఇస్తరా అని అడుగుతుంది."

అంతలో సిగ్నల్ పోయింది. బొమ్మ అట్లాగే నిలిచిపోయింది. చేయి, చేతిలో ఖాళీ సీసా.

కిషన్ రావు అప్పటికప్పుడు దమయంతి సిస్టర్‌కు ఫోన్ చేయించాడు. ఆమె అంతా విన్నది. కోప్పడలేదు.

"ఎట్ల తాగిపిస్తున్నరని నేను గూడ అడగలే అన్నా. సీసా ఖాళీ అయింది కద అనుకున్న. మందు మళ్ల తెప్పిస్త, పై ఆఫీసుకు రాస్త. టైం పడుతది. గని ఇంకో ముచ్చట ఉంది. వాగు అవతలి గూడెంల గూడ మీ మెసేజ్ వినపడ్డది నాకు. పాతది. చాయ్‌ల కలుపుమన్నది."

"అటెట్ల పోయింది?"

జవాబు యమున చెప్పింది. "వదిన వాళ్ల పుట్టింటికి పంపింది కాకా. మంచి ముచ్చటనే కద అని. వాళ్లు ఎవలకు పంపిన్రో."

ఎన్ని గూడేలకు పోయిందో, ఎందరు తల్లులు ఆ గొంతు విని పొద్దున్నే బెల్లం ఎక్కువేసి కలుపుతున్నారో ఎవరికీ తెలియదు. మనోరమ మూలనున్న మూట విప్పి, పత్తా డబ్బాలో తిరగబోసింది. ఆ గుడ్డలోనే పల్లీలు, బెల్లం కట్టింది. మరునాడు పొద్దున సోంబాయి ఆ మూట నెత్తిన పెట్టుకొని, బిడ్డను చంకనేసుకొని బస్సెక్కింది. ఇరవై రెండు ఇళ్లకు అదెన్ని రోజులొస్తుందో ఆమెకూ తెలుసు, ఈయనకూ తెలుసు. బస్సు కదిలేటప్పుడు మాన్కుబాయి కిటికీ కడ్డీ నాకుతూ కనిపించింది. సోంబాయి చేయి అడ్డం పెట్టింది.

కిషన్ రావు దుకాణానికి తిరిగొచ్చి, యమున ఫోన్‌లో ఇంకో మాట రికార్డు చేశాడు. "నేను చాయ్ కాకను. ఇంతకు ముందు నేను చెప్పింది తప్పు" అని మొదలుపెట్టాడు. అది పోయింది. కానీ పాతది దానికంటే మూడు నెలలు ముందు నడుస్తోంది.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. కథ నచ్చిందని చప్పట్ల బొమ్మ పెట్టి ఊరుకోకండి. మీకు తెలిసిన అంగన్‌వాడీ టీచరుకు, నర్సుకు, అడవి దిక్కు బడిలో పాఠం చెప్పే సారుకు, చంటిపిల్లలున్న మీ ఇంటి ఆడపడుచుకు దీన్ని పంపండి. కిషన్ రావు లాంటి వాళ్ల పాత మాట ఏ ఇంట్లో పొయ్యి మీద మరుగుతోందో మనకు తెలియదు కదా. ఇది కాస్త తొందరగా పోయి దాన్ని అందుకోవాలి.